తవ్వకం నివేదికకు మార్కులేవి?

సంపాదకుడు గారికి,

ఎక్కడైనా కొత్తగా పురావస్తు తవ్వకం మొదలైతే పత్రికల్లో ఫొటోలు వస్తాయి. దాని నివేదిక అచ్చయిందా అని ఆ తర్వాత ఎవరూ అడగరు. అధ్యాపకుల పదోన్నతి నిబంధనలకూ ఆ పట్టింపు లేదు.

ఒకసారి తవ్విన చోటును మళ్లీ తవ్వలేం. మక్తల్ దగ్గరి ఉట్నూరు (ఆదిలాబాద్ జిల్లాది కాదు) బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వితే, కాలిన పేడ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు, కంచె గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. నవీన శిలాయుగంలో అది పశువుల దొడ్డి అని వాటి వల్లే తేలింది. అయితే కింది పొరకు దిగాలంటే ఆ గిట్ట గుర్తును చెక్కేయక తప్పదు. ఆ రోజు కొలిచి, గీసి, రాసుకున్నదే మిగులుతుంది. ఆ నివేదికను 1961లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చు వేయించబట్టి ఇవాళ్టి విద్యార్థి దాన్ని సరిచూసుకోగలుగుతున్నాడు. నాగార్జునకొండలో 1954-60 మధ్య తవ్వితే మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వచ్చాయి. సందేహం వస్తే వెళ్లి చూద్దామన్నా ఆ లోయ నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది.

అసలు పని తవ్వకం ముగిశాకే మొదలవుతుంది. కుండ పెంకులు కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాని మీద చోటు, సంవత్సరం, ట్రెంచ్ (తవ్విన గుంట), పొర సంఖ్య ఇంకుతో వేయాలి. కుండ ఆకారం తెలిసేది అంచు పెంకులతోనే కాబట్టి వాటిని ఏరి బొమ్మలు గీయాలి. ఎముకలు ఒకరికి, గింజలు ఇంకొకరికి, బొగ్గు కాలనిర్ణయ ప్రయోగశాలకు వెళ్లాలి. ఇంతలో తవ్వించిన అధికారికి బదిలీ అవుతుంది. నోట్‌బుక్కులు ఒక ఊళ్లో, గుంట గోడలో పొరల వరస చూపే సెక్షన్ బొమ్మలు మరో ఊళ్లో ఉండిపోతాయి. ఇంకు వేయకముందే సంచిలోని చీటీని చెదలు తింటే ఆ పెంకులు ఏ పొరవో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇంత చాకిరీకి దక్కేదేమిటి? అధ్యాపకుల పదోన్నతికి పరిశోధన పాయింట్లు లెక్కగట్టే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల పట్టికలో తవ్వకం నివేదికకంటూ వేరే గడి లేదు. దేశీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10 పాయింట్లు, మానవీయ శాస్త్రాల్లో ఒక్క పరిశోధన వ్యాసానికీ అవే 10. రచయితలు ఇద్దరికి మించితే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. పుణె డెక్కన్ కాలేజీ పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి. సంకాలియా మహారాష్ట్రలోని నేవాసా 1954-56 తవ్వకాల నివేదికను 1960లో అచ్చు వేశారు. దాని మీద నలుగురి పేర్లున్నాయి. నేటి లెక్కలో ముగ్గురికి తలా 3 పాయింట్లు! పదేళ్లు పెంకుల మధ్య కూర్చోమని ఏ యువ అధ్యాపకుడికి చెప్పగలం?

తవ్వకం నివేదికకు పట్టికలో సొంత గడి పెట్టాలి. అందులో ఎముకలు, గింజలు పరిశీలించినవాళ్ల వాటా కోయకూడదు. పాత చోటు నివేదిక ముద్రణకు వెళ్లాకే అదే బృందానికి కొత్త చోట అనుమతి ఇవ్వాలి. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలు తవ్వకం బడ్జెట్‌లోనే డ్రాఫ్ట్స్‌మన్ జీతం, అచ్చు ఖర్చు విడిగా చూపాలి. తవ్వించిన అధికారి రిటైరైనా నివేదిక పూర్తయ్యేదాకా గది, బీరువా తాళం ఆయన దగ్గరే ఉండాలి.

ఇట్లు,
ఒక పురావస్తు శాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు