రెండో పాటకు ముందు అందరికీ మొదటి పాట

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో కరోకే (రికార్డు చేసిన వాయిద్యాల ట్రాక్ మీద పాడే) సంగీత విభావరుల వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. హన్మకొండలోనో, జనగామలోనో, కరీంనగర్‌లోనో ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు. పాట మీద ప్రేమ ఉన్నవాణ్ని కాబట్టి ప్రతి వార్తా చదువుతాను. వచ్చిన అతిథుల పేర్లన్నీ అయిపోయాక చివర్లో ఒక మాట ఉంటుంది: ‘తదితరులు పాల్గొన్నారు’. ఆ తదితరుల కోసమే ఈ ఉత్తరం.

నేను రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా పని చేసి రిటైరయ్యాను. ఉండేది కాజీపేటలో. హన్మకొండలో ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం మేం కొందరం కరోకే పెట్టుకుంటాం. మూడేళ్లుగా పాడేవాళ్ల పేర్లు రాసే పని నాదే. టీచర్లు, బ్యాంకు వాళ్లు, ఎల్ఐసీ ఏజెంట్లు, ఒక టైలరు, ఇద్దరు ఆర్‌ఎంపీలు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు, అంతా కలిసి పాతిక ముప్పై మంది వస్తారు. మనిషికి 200 రూపాయలు వేసుకొని హాలు కిరాయి, సౌండ్ బాక్సుల కిరాయి కడతాం. ఒక ల్యాప్‌టాప్, ఒక మిక్సర్, రెండు కార్డ్‌లెస్ మైకులు. అంతే మా వైభవం.

పోయిన వానాకాలంలో పరకాల నుంచి ఒకామె వచ్చింది. బట్టలు కుడుతుందట. మా దగ్గరకు రావడం అదే మొదటిసారి. చేతిలో చిన్న నోటుబుక్కు. పల్లవి, చరణాలు నీలం పెన్నుతో రాసుకొని, ఊపిరి తీసుకోవాల్సిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో చిన్న గీత పెట్టుకుంది. ఆరుకు పావుగంట ముందే పేరు రాయించింది. నంబరు 11. ఆరింటికి మొదలుపెడితే ఏడింటికల్లా ఆమె వంతు రావాలి.

ఆరున్నరకు ముఖ్య అతిథి వచ్చారు. జ్యోతి వెలిగించడం, మాటలు, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు కలిపి యాభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అతిథి రెండు పాటలు, వారి వెంట వచ్చిన వారు ఒకటి. స్పీకర్లు తక్కువకు ఇప్పించిన ఆయనకు పెళ్లికి పోయేది ఉందని ఒకటి. “అన్నా, ఒక్కటే, పాడి పోత” అంటూ మరొకరు. వీళ్లంతా నాకు తెలిసినవాళ్లే. కాదనలేక పుస్తకంలో బాణం గుర్తులు పెట్టుకుంటూ పోయాను.

ఎనిమిదింటికి ఆమె నా దగ్గరకు వచ్చి, “సార్, నాది ఇంక ఎన్ని పాటల తర్వాత?” అని అడిగింది. “ఇగ రెండే అమ్మా” అన్నాను. ఎనిమిదిన్నరకు మళ్లీ వచ్చి అడిగింది. పుస్తకం చూశాను. అప్పుడు కూడా రెండే ఉన్నాయి. ఆమె ఏమీ అనలేదు. నోటుబుక్కు మూసి, సంచిలో పెట్టుకొని, “పోత సార్, మల్ల బస్సు దొరకది” అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే, ఆమె కంటే ముందు దూరిన పాటలు తొమ్మిది. ఆ తొమ్మిదింటినీ రాసింది నా చెయ్యే. పదకొండో పేరు పక్కన టిక్కు లేని ఆ పేజీ ఇంకా నా దగ్గర ఉంది.

ఆ మరునాటి నుంచి ఇది పాట సంగతి కాదని, లెక్క సంగతని నాకు అర్థమైంది. ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా 210 నిమిషాలు. పాట నాలుగున్నర నిమిషాలు, ట్రాక్ వెతికి స్కేలు (శ్రుతి) సరిచేసి మైకు చేతికిచ్చేసరికి ఇంకో నిమిషంన్నర. అంటే ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, మొత్తం 35 పాటలు. 28 మంది పేర్లిస్తే తలా ఒకటి పాడాక మిగిలేవి ఏడు. సన్మానాలకు యాభై నిమిషాలు పోతే పట్టేవి 26 పాటలే. అందులో ఐదుగురు రెండేసి పాడితే ఏడుగురు పాడకుండానే ఇంటికి పోతారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండనక్కర్లేదు, ఏడుగురికి అన్యాయం జరిగిపోతుంది. ఆ ఏడుగురు ఎప్పుడూ కొత్తవాళ్లో, మొహమాటస్తులో, దూరం నుంచి వచ్చినవాళ్లో అవుతారు.

రెండు వైపుల బండ్లూ ఒకే పట్టాల మీద నడిచే సింగిల్ లైన్ సెక్షన్లలో పని చేసినప్పుడు మాకు బాల్ టోకెన్ ఉండేది. రెండు స్టేషన్ల పేర్లు చెక్కిన ఇనుప బంతి. తోలు సంచిలో వేసి, బెత్తపు చక్రానికి తగిలించి డ్రైవర్ చేతికి అందించేవాళ్లం. అది చేతిలో లేనిదే బండి స్టేషన్ దాటదు. ఒక బంతి బయటికి వచ్చిందంటే ఆ సెక్షన్‌కు అటు స్టేషన్లోగానీ ఇటు స్టేషన్లోగానీ మెషిన్ రెండో బంతిని ఇవ్వదు. స్టేషన్ మాస్టర్ ఎంత కావలసినవాడైనా పని జరగదు. మా కరోకేలో లేనిది అదేననిపించింది. మైకు ఎవరికి పోవాలన్నది నా మొహమాటం మీద ఆధారపడకూడదు.

ఇప్పుడు పుస్తకం మానేశాం. హాలు గోడకు తెల్ల బోర్డు పెట్టి, వచ్చినవాళ్ల పేర్లు వచ్చిన వరుసలో మార్కర్‌తో అందరికీ కనిపించేలా రాస్తున్నాం. పాడినవాళ్లకు టిక్కు. ఎవరి రెండో పాటైనా అందరి మొదటి పాట అయ్యాకే. ఎనిమిదింటికి కొత్తవాళ్లు వచ్చినా వాళ్ల మొదటి పాట మా రెండో పాటల కంటే ముందు పడుతుంది. పేరు మనిషి హాల్లోకి వచ్చాకే రాస్తాం. ముందు వాట్సాప్‌లో తీసుకొని చూశాం. గ్రూపులో ఉన్నవాళ్లు మధ్యాహ్నానికే మొదటి పది నంబర్లు నింపేసేవాళ్లు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఒక పాట ఆగుతాం, మళ్లీ లేకపోతే ఆ రౌండు చివరికి. పోయిన నెల చివర్లో పాడినవాళ్లు ఈ నెల వస్తే బోర్డులో ముందుంటారు. చివరి పాటలు ఖాళీ కుర్చీలకు పాడాల్సి వస్తుంది కదా, ఆ బాధ ఎప్పుడూ ఒకరిదే కాకూడదు.

దూరం పోయేవాళ్ల పేరు పక్కన ‘బ’ అని రాస్తాం, బస్సు అని గుర్తు. వాళ్లు మొదటి పదిలో పాడతారు. ఇది మాత్రం పక్షపాతం కాదా అని ఒక మిత్రుడు అడిగారు. రైల్వేలోనూ ఒక బండిని పక్కనుండే లూప్ లైన్లో ఆపి ఇంకో బండిని ముందు పంపుతాం. అయితే ఆ నిర్ణయం కంట్రోల్ ఆఫీసు నుంచి అందరికీ తెలిసేలా వస్తుంది, స్టేషన్ మాస్టర్ బావమరిది ఎక్కాడని రాదు. ‘బ’ గుర్తూ బోర్డు మీద అందరి ముందరే పడుతుంది.

యుగళగీతాల దగ్గర మాత్రం చాలా ఇబ్బంది పడ్డాం. మా దగ్గర ఆడవాళ్లు ఆరేడుగురే. మగవాళ్లలో సగం మందికి డ్యూయెట్ కావాలి. బాగా పాడే ఇద్దరినే అందరూ పిలుస్తారు. వాళ్లలో ఒకావిడ ఒకరోజు నాతో, “సాయంత్రం సంది పాడుడే ఉన్నది సార్, గానీ నా పాటైతే పాడలే” అంది. అప్పటిదాకా నేను ఆమెకు ఆరు పాటలు దక్కాయనే అనుకుంటున్నాను. నిజానికి ఆరుగురి పాటలకు ఆమె సాయం పట్టింది. ఇప్పుడు డ్యూయెట్ ఎవరు రాయిస్తే వాళ్ల వంతు కిందే లెక్క. కలిసి పాడిన ఆమె సొంత వంతు చెక్కుచెదరదు. ఆమెను అడిగి, సరే అంటేనే బోర్డు మీద రాస్తాం. ఒకరిని రెండు డ్యూయెట్లకు మించి పిలవం.

తర్వాత పాడేవాళ్లు ఇద్దరూ ల్యాప్‌టాప్ పక్క కుర్చీల్లో ముందే కూర్చుంటారు. ఏ ట్రాక్, ఎంత స్కేలు తగ్గించాలో చీటీ మీద రాసి ఇస్తారు. దీంతో పాటకూ పాటకూ మధ్య ఒక నిమిషం మిగిలింది. 35 పాటలకు 35 నిమిషాలు, పాటకు ఇప్పుడు పట్టే ఐదు నిమిషాల లెక్కన ఏడుగురి పాటలు. ఆ ఏడు పాటలూ ఇన్నాళ్లూ యూట్యూబ్‌లో ట్రాక్ వెతకడంలోనే పోయాయి.

అతిథుల్ని మానలేదు. పిలుస్తాం, ఏడూ ముప్పావుకు పది నిమిషాలు, ఒక శాలువా. పాడాలనుకుంటే వారి పేరూ బోర్డు మీదికే. మొన్న వచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరర్ 14వ నంబర్ రాయించుకొని, వంతు వచ్చేదాకా కూర్చొని, అందరి పాటలూ విన్నారు. ఆయన మైకు పట్టుకున్నప్పుడు పడిన చప్పట్లు ఏ అతిథికీ పడగా నేను వినలేదు.

బాగా పాడేవాళ్లకు ఎక్కువ పాటలిస్తేనే జనం కూర్చుంటారని కొందరంటారు. టికెట్ పెట్టి చేసే విభావరికి ఆ మాట సరే. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టింది మన వరంగల్‌లోనే. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరున ప్రాంగణం ఉంది, 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం కూడా తెరుచుకుంది. ఆ వేదికలు సాధన చేసిన గొంతులవి. కరోకే వేరు. ఇక్కడ వినేవాళ్లూ పాడేవాళ్లూ ఒక్కరే, అందరూ కట్టేది ఆ 200 రూపాయలే. 1971లో జపాన్‌లోని కోబెలో దైసుకె ఇనొఉయె అనే వాయిద్యకారుడు నాణెం వేస్తే సంగీతం మోగే పెట్టె తయారుచేశాడు, పక్కన వాయించేవాళ్లు లేకపోయినా మామూలు మనిషి పాడుకోవడానికి. దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇస్తూ, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపాడన్నారు. అది నవ్వించడానికి ఇచ్చే బహుమతే అయినా ఆ మాట నాకు అక్షరాలా నిజమనిపిస్తుంది. శ్రుతి తప్పే మిత్రుడి పాటను నేను కూర్చొని వింటాను, నా పాటను అతను వింటాడు. వంతు తప్పితే ఆ ఓర్పు ఉండదు.

డాబాల మీద పెట్టుకునేవాళ్లకు ఒక మాట. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. మూసి ఉన్న హాళ్లకు మినహాయింపు ఉంది. కాబట్టి పదింటి లోపల ఎన్ని పాటలు పడతాయో ముందే లెక్కగట్టి, అంతమంది పేర్లే రాసుకోండి. రాసుకున్న పేరును ఖాళీగా వదలకండి.

మీ పత్రికకు ఒక విన్నపం. కరోకే వార్త వేసేటప్పుడు, చోటుంటే పాడినవాళ్ల పేర్లూ వేయండి. నిర్వాహకులకు ఒక విన్నపం. మీ దగ్గర బోర్డు లేకపోతే ఒకటి కొనండి.

పరకాల ఆమె ఆ తర్వాత రాలేదు. తెలిసినవాళ్ల ద్వారా నంబరు సంపాదించి పోయిన వారం ఫోన్ చేశాను. జరిగినదానికి క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఏడున్నరకు బస్సెక్కుడు అయితదా సార్?” అని అడిగింది. అవుతుందన్నాను. వచ్చే రెండో శనివారం ఆమె హాల్లోకి రాగానే బోర్డు మీద మొదటి పేరు ఆమెది, పక్కన ‘బ’ గుర్తుతో. ఏ పాటో చెప్పింది, స్కేలు కూడా చెప్పింది. ట్రాక్ దించి పెట్టాను.

– విశ్రాంత స్టేషన్ మాస్టర్,
కాజీపేట, హన్మకొండ జిల్లా