బెదిరింపును సొంత గొడవగా కొట్టిపారేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

సామాజిక మాధ్యమంలో మొదలైన వాగ్వాదం బెదిరింపుగా మారి కార్యాలయం గడప తొక్కినప్పుడు, అది మీ సొంత గొడవ అంటూ యాజమాన్యాలు తప్పుకోవడం ఎంతమాత్రం సరికాదు. నా సహోద్యోగిని ఒకరు ఫేస్‌బుక్‌లో తోటి ఉద్యోగి అభిప్రాయంతో విభేదించారు. మర్నాడు ఉదయం ఆమె కీబోర్డు కింద ‘బయటికి రా, నీ సంగతి చూస్తా’ అని రాసిన కాగితం మడత దొరికింది. దాన్ని విప్పి పట్టుకున్న ఆమె వేళ్లు వణకడం పక్క సీటులో ఉన్న నేను చూశాను. పోస్టు తీసేస్తే గొడవ సద్దుమణుగుతుందని పై అధికారి సలహా ఇచ్చారు. కానీ తీసేస్తే పోయేది సాక్ష్యమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం ప్రకారం, పనిచేసే చోట హాని తలపెట్టే బెదిరింపు ఒక్కసారి ఎదురైనా అది హింస, వేధింపుల పరిధిలోకే వస్తుంది. పనికి సంబంధించిన ఎలక్ట్రానిక్ సందేశాలకూ అది వర్తిస్తుంది.

కాబట్టి బాధితులు ఎదురు జవాబివ్వకుండా, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు భద్రపరచి, ఫిర్యాదును నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. ప్రాణభయం ఉంటే కార్యాలయ విచారణ ముగిసేదాకా ఆగకుండా పోలీసులను ఆశ్రయించాలి. వాదనలో ఆమె మాటా కటువుగానే ఉండి ఉండవచ్చు. అయినా అది బెదిరింపుకు సమర్థన కాదు. విచారణ పేరుతో ఫిర్యాదు చేసిన మనిషినే వేరే విభాగానికి పంపడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించింది. ఆ కొద్దిరోజులు సీటు మారవలసింది ఆమె కాదు.

ఇట్లు,
ఒక ఉద్యోగి