స్కాన్ బాగుందని ఇంటికి పంపితే సరిపోతుందా?

సంపాదకులకు,

అయ్యా,

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. కిందటి వేసవిలో మా అన్నయ్య కొడుకు పాతపట్నం నుంచి హెల్మెట్ లేకుండా వస్తూ బండి మీద నుంచి పడ్డాడు. ఆసుపత్రిలో తలకు స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని, భయపడవలసింది లేదని చెప్పి నాలుగో రోజున ఇంటికి పంపారు. ముఖం వాపు తగ్గాక చూస్తే మూతి కుడివైపుకు లాగుతోంది, ఎడమ కన్ను మూతపడడం లేదు. పక్షవాతమని ఒకరు, పసరు మందు పోయించమని మరొకరు చెప్పగా మూడు వారాలు గడిచిపోయాయి. కన్ను ఎర్రబడి నల్లగుడ్డు మీద పుండు పడిన తరువాతే విశాఖపట్నం తీసుకువెళ్ళాం.

అక్కడి వైద్యులు అడిగిన మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు. మూతి వంకర బండి మీద నుంచి పడిన క్షణం నుంచే ఉందా, కొన్ని రోజుల తరువాత వచ్చిందా అని వారడిగారు. చెవి వెనుక ఎముక చిట్లినప్పుడు దాని లోపలి సన్నని దారిలో సాగే ముఖ నాడి దెబ్బతింటుందనీ, వంకర వెంటనే వస్తే నాడి తెగి ఉండవచ్చు గనుక శస్త్రచికిత్స గురించి ఆలోచించవలసి రావచ్చుననీ, రోజులు గడిచాక వస్తే అది చాలావరకు వాపు వల్ల వచ్చేదే కాబట్టి మందులతో, ఓపికతో ఎక్కువమందిలో తగ్గుతుందనీ వారు వివరించారు. మొదటి రోజున కళ్ళు గట్టిగా మూయమని, పళ్ళు చూపించమని అడిగి ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ సంగతి తెలిసేది. మాకిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఆ ఊసే లేదు.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే కపాల నాడులు 12 జతలు. వాటిలో తల దెబ్బకు తరచుగా బలయ్యేది వాసన తెలిపే నాడి. దాని పోగులు ముక్కు పైనున్న జల్లెడ వంటి ఎముకలోంచి దిగే చోట తెగిపోతాయి, అంత సన్నని పోగులు మామూలు స్కాన్‌లో కనబడవు. మా వాడికి వాసన పోయిందన్న సంగతి వంటింట్లో పోపు మాడిపోతున్నా పక్కనే కూర్చుని కదలకపోవడం చూసి మా వదిన కనిపెట్టింది. కంటిని తిప్పే నాలుగో నాడి దెబ్బతింటే మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు రెండుగా కనబడుతుంది. దాన్ని నీరసమని సరిపెట్టుకునేవారు మనలో ఎందరో.

ఇంటికి పంపే ముందు ఒక్కో ముక్కురంధ్రంతో కాఫీపొడి వాసన చూపించడం, వేలిని కళ్ళతో అనుసరించమనడం, చెవి దగ్గర మెల్లగా మాట్లాడి చూడడం కొద్ది నిమిషాల పని. ఈ ఫలితాలను తేదీతో సహా డిశ్చార్జి కాగితంలో రాయాలన్న నియమాన్ని సరిహద్దు జిల్లాల ఆసుపత్రులన్నిటిలో పెట్టాలని కోరుతున్నాను. పర్లాకిమిడి, రాయగడ, బరంపురం ప్రాంతాల నుంచి శ్రీకాకుళానికో విశాఖకో చికిత్సకు వెళ్ళే మాబోటి వారికి ఆ కాగితమే ఆధారం. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, జాగ్రత్తలు ఒడియాలో చెబుతారు. మా ఇళ్ళలో పెద్దలకు బజారులో పనికివచ్చే ఒడియా వస్తుంది గాని వైద్యం మాటలు అందవు. పగలు కంటి చుక్కలు, రాత్రి లేపనం వేసి రెప్పను మూసి టేపు అంటించాలన్న మాట తెలుగులో ఎవరైనా చెప్పి ఉంటే మా వాడి కన్ను పుండు పడేది కాదని నా నమ్మకం.

రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం 1.5 లక్షల రూపాయల వరకు, 7 రోజులకు పరిమితం. ఈ నాడుల నష్టం చాలామందికి అర్థమయ్యేసరికే ఆ గడువు దాటిపోతుంది. కనీసం ఆరు వారాల తరువాత ఒక కంటి పరీక్షనూ, ఒక చెవి, ముక్కు, గొంతు పరీక్షనూ అందులో చేర్చాలి.

మా వాడి మూతి చాలావరకు సర్దుకుంది. వాసన తిరిగి రాలేదు. గ్యాసు లీకైనా వాడికి తెలియదని మా వదిన రోజూ పడుకునే ముందు సిలిండరు తానే కట్టేస్తోంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా