ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఐదుచోట్ల చూస్తున్నారు, కలిపి చూసేవారు లేరు

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పిల్లల మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న వైద్యులం, సైకాలజిస్టులం, ప్రత్యేక ఉపాధ్యాయులం కలిసి రాస్తున్న లేఖ ఇది.

నాలుగేళ్లు నిండినా మాటలు రాక, ఒకచోట కుదురుగా కూర్చోక, అప్పుడప్పుడూ ఫిట్స్ వచ్చే పిల్లవాడి సంగతి చూడండి. అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ పథకం) బృందం గుర్తించి డీఈఐసీకి, అంటే ఎదుగుదల లోపాలకు చికిత్స చేసే జిల్లా కేంద్రానికి పంపుతుంది. అక్కడ స్పీచ్ థెరపీ. ఫిట్స్‌కు పిల్లల డాక్టరు. ప్రవర్తనకు మానసిక వైద్యుడు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు స్లాటు వేరు. చదువుకు మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం. ఇన్ని చోట్ల రాసిన కాగితాలను కలిపి ఉంచేది తల్లి చేతిలోని ప్లాస్టిక్ కవరు ఒక్కటే. అందులో ఒక చీటీ పోతే చికిత్స దారి తప్పుతుంది.

ఎలా తప్పుతుందో చెబుతాం. ఫిట్స్‌కు వాడే గార్డినాల్ కొందరు పిల్లల్లో చిరాకునూ నిలకడలేనితనాన్నీ పెంచుతుంది. ఆ మందు వాడుతున్న సంగతి మానసిక వైద్యుడికి తెలియకపోతే, దాన్ని ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) అనుకుని ఇంకో మందు రాసే ప్రమాదం ఉంది. ఫిట్స్‌కే ఇచ్చే కార్బమజెపైన్, ప్రవర్తనకు ఇచ్చే రిస్పెరిడోన్‌ను ఒంట్లో తొందరగా అరగదీస్తుంది. మందు పనిచేయడం లేదని రిస్పెరిడోన్ మోతాదు పెంచుతారు. కొన్నాళ్లకు ఫిట్స్ డాక్టరు కార్బమజెపైన్ ఆపితే, పెంచిన రిస్పెరిడోన్ ఒంట్లో ఎక్కువై, రెండు మూడు వారాల్లో పిల్లవాడు మగతగా, బిగుసుకుపోయి కనిపిస్తాడు. ఏ డాక్టరు రాసిందీ తప్పు కాదు. రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు, అంతే. (ఇది చదివి తల్లిదండ్రులెవరూ మందు తమంతట తాము ఆపవద్దు. హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి.)

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ పిల్లల మానసిక ఆరోగ్య సేవలతో పాటు కుటుంబానికి అండగా నిలిచే సేవలనూ ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే మార్గదర్శకాల్లో డీఈఐసీకి సోషల్ వర్కర్ పోస్టు ఉంది. కొత్త పోస్టు అడగడం లేదు. ఆ సోషల్ వర్కరును కుటుంబ సమన్వయకర్తగా పేరు పెట్టి నియమించండి. ఒక్కొక్కరికి 40 కుటుంబాలకు మించి అప్పగించవద్దు. ఉత్తర్వులో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: వీరికి డేటా ఎంట్రీ, క్యాంపు డ్యూటీలు వేయరాదు. ఆ వాక్యం లేకపోతే ఆరు నెలల్లో ఆ మనిషి నివేదికలు నింపే గుమాస్తా అయిపోతారు.

సమన్వయకర్త చేయాల్సిన మొదటి పని ఇంటికి వెళ్లడం. కూలి పోగొట్టుకోకుండా సాయంత్రమో, ఆదివారమో వెళ్లాలి. తండ్రి, నాయనమ్మ కూడా ఉన్నప్పుడు ఒక ముప్పావుగంట కూర్చోవాలి. "ఇంట్లో ఏ పూట మీకు కష్టంగా ఉంది?" అని అడగాలి. ఆసుపత్రి కాగితంలో 'ఏకాగ్రత మెరుగుపరచాలి' అని ఉంటుంది. తల్లికి కావాల్సింది రాత్రి నిద్ర, మరుగుదొడ్డి అలవాటు, బస్సులో అరగంట కూర్చోగలగడం. ఆ మూడింటినే ప్రణాళికలో మొదట రాయాలి. వారానికి ఒక్క గంట థెరపీతో మాటలు రావు. మిగతా వారమంతా పిల్లవాణ్ని చూసుకునే నాయనమ్మకు అన్నం పెట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు ఏం చేయాలో చేసి చూపిస్తేనే వస్తాయి.

గర్భిణులకు ఇచ్చే ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డులాంటి పుస్తకం ఒకటి కుటుంబం చేతికి ఇవ్వండి. పిల్లవాడి బరువు, ప్రతి మందు, మోతాదు, ఆపితే ఎందుకు ఆపారో, ఇంట్లో చేయించాల్సిన పనులు, తర్వాత రావాల్సిన తేదీ, సమన్వయకర్త ఫోన్ నంబరు అందులో ఉండాలి. బడికి చూపించే పేజీ మాత్రం విడిగా ఉండాలి. క్లాసులో ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎలా చెప్పాలి అన్నంతవరకే అందులో రాయాలి. జబ్బు పేరు బడికి చెప్పాలో వద్దో తల్లిదండ్రుల ఇష్టం. వారంలో ఒకే రోజున పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడు, థెరపిస్టు డీఈఐసీలో ఉండాలి. కుటుంబం రెండుసార్లు రాకపోతే రిజిస్టరులో 'రాలేదు' అని కొట్టేయకుండా ఫోన్ చేసి కారణం కనుక్కోవాలి. చాలాసార్లు కారణం బస్సు ఛార్జీయే.

పురుగుమందు తాగి బతికి బయటపడిన పిల్లల విషయం ఇంకా అత్యవసరమైనది. ప్రాణం నిలిచాక మెడికల్ వార్డు నుంచి నేరుగా ఇంటికి పంపేయకూడదు. ఇలాంటి వారికి చికిత్స, పునరావాసం అందించడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ విధి. డిశ్చార్జికి ముందే మానసిక వైద్యుడు చూడాలి. వారంలోపు సమన్వయకర్త ఇంటికి వెళ్లాలి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయించారో లేదో చూడాలి. ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు ఆ పిల్లలకూ, పెద్దలకూ ఇవ్వాలి.

18 ఏళ్లు నిండగానే ఆర్‌బీఎస్‌కే పరిధి దాటిపోతారు. కనుక 17వ ఏటనే పెద్దల మానసిక వైద్యుడితో కుటుంబాన్ని కలిపి కూర్చోబెట్టాలి.

ఈ సమన్వయ పద్ధతిని విశాఖలో మొదలుపెట్టవద్దు, అక్కడ సులువు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు నుంచి మొదలుపెట్టండి. అక్కడి కొండ దారుల్లో నిలబడితే మిగతా జిల్లాల్లో నిలబడుతుంది. ఆరు నెలల పాటు నెలనెలా మీ సమీక్షలో ఈ లెక్కలు అడగండి: గుర్తించిన రోజు నుంచి మొదటి థెరపీకి ఎన్ని రోజులు పట్టింది, మధ్యలో మానేసినవారు ఎందరు, ఒక్కో తల్లి నెలకు ఎన్నిసార్లు బస్సెక్కింది.

ఇట్లు,
పిల్లల మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్నవారు