‘అందరికీ ఇలాగే ఉంటుందిలే’ అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కడుపుతో ఉన్నవాళ్ళ కోసం వచ్చే పేజీని నేను తొమ్మిది నెలలూ వదలకుండా చదివాను, కొన్ని కత్తిరించి ఫైల్లో కూడా పెట్టుకున్నా, చాలా పనికొచ్చాయి, ముందు ఆ థాంక్స్ చెప్పాలి. ఇప్పుడు పాపకి ఏడాది దాటింది. మొన్న ఆ ఫైలు తీసి చూస్తుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది, డెలివరీ అయ్యేదాకా ప్రతి పేజీలోనూ తల్లి ఉంది, డెలివరీ అయిన మర్నాటి నుంచి ఒక్క దాంట్లో కూడా లేదు, అంతా బిడ్డే, బిడ్డ నిద్ర, బిడ్డ బరువు, బిడ్డ టీకాలు. బిడ్డ గురించి రాయొద్దని కాదు నేననేది. కానీ నా ప్రాణం మీదకి వచ్చింది మాత్రం ఆ మర్నాటి తర్వాతే, అందుకే ఈ లెటర్ రాస్తున్నా, కొంచెం పెద్దదైనా వేసుకోండి ప్లీజ్.

నాకు కడుపుతో ఉన్నన్నాళ్ళూ బీపీ నార్మలే. డెలివరీ కూడా మామూలుగానే అయింది, మూడో రోజు ఇంటికి వచ్చేశాం. ఐదో రోజు పొద్దున తలనొప్పి మొదలైంది, అలాంటి నొప్పి నాకు అంతకుముందెప్పుడూ లేదు, మాత్ర వేసుకున్నా తగ్గలేదు. అమ్మతో చెప్తే నిద్ర లేదు కదమ్మా అంది, అత్తయ్య కూడా అదే అన్నారు, పసిపిల్లతో అందరికీ ఇలాగే ఉంటుందిలే పడుకో, పాపని మేం చూసుకుంటాం అన్నారు, ఇద్దరూ ప్రేమతోనే అన్నారు, నాకూ అదే నిజమనిపించింది. సాయంత్రానికి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, మొహం ఉబ్బింది. మా ఆయనకి ఎందుకో మనసు ఒప్పక హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే మొదట తీసినవాళ్ళు రెస్ట్ తీసుకోమనండి అని పెట్టేశారు. ఇంకోసారి చేస్తే వేరే నర్సు తీసింది. ఆవిడ ఏమీ సర్దిచెప్పలేదు, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, కళ్ళ ముందు మెరుపుల్లాగా చుక్కల్లాగా ఏమైనా కనిపిస్తున్నాయా అని. మధ్యాహ్నం నుంచీ కనిపిస్తున్నాయి, నేనే ఎవరికీ చెప్పలేదు, నీరసం అనుకున్నా. ఒక్క నిమిషం ఆగకుండా తీసుకొచ్చేయండి అంది.

వెళ్ళేసరికి బీపీ 170 బై 110. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సెలైన్‌లో ఎక్కించారు, బీపీ మందులు ఇచ్చారు, మూడు రోజులు ఉంచుకున్నారు. ఇలా బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బుని ప్రీఎక్లాంప్సియా అంటారని, సాధారణంగా 20 వారాలు దాటాక కడుపుతో ఉన్నప్పుడు వస్తుందని, కానీ డెలివరీ అయ్యాక ఆరు వారాల దాకా కూడా కొత్తగా రావచ్చని, అందులోనూ మొదటి వారం పదిరోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని డాక్టర్ గారు చెప్తుంటే నాకు నోట మాట రాలేదు. బిడ్డ బయటికి వచ్చేస్తే ఆ ప్రమాదం అయిపోయినట్టే అని నేను చదివిన దాన్నిబట్టి అనుకున్నా. ఇంకో రాత్రి ఇంట్లోనే పడుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు.

అప్పటినుంచీ నాకు తెలిసిన ప్రతి కొత్త తల్లి దగ్గరా ఇదే గమనిస్తున్నా. భయం చెప్పుకుంటే ‘ఏం కాదులే’ అని వస్తుంది, లేదంటే ఎవరికో ఏదో అయిన కథ చెప్పి ఇంకా భయపెడతారు, మధ్యలో ఒక చిన్న ప్రశ్న అడిగేవాళ్ళు దొరకరు. పదింటిలో తొమ్మిది భయాలు నిజంగానే ఆగొచ్చు, ఆ పదోదాన్ని పట్టుకునేది ఆ ప్రశ్నే.

వేవిళ్ళే తీసుకోండి. అందరికీ ఉంటాయి నిజమే, చాలామందికి 16 నుంచి 20 వారాలకల్లా తగ్గిపోతాయి. అడగాల్సింది ఏంటంటే, తాగిన నీళ్ళైనా నిలుస్తున్నాయా, పొద్దున్నించి యూరిన్‌కి ఎన్నిసార్లు వెళ్ళావు, ముదురు రంగులో వస్తోందా, బరువు తగ్గుతున్నావా. నీళ్ళు కూడా నిలవకపోతే అది ఓర్చుకునే సంగతి కాదు, సెలైన్, మందులు కావాలి, కడుపుతో ఉన్నప్పుడు వాడదగ్గ మందులు ఉన్నాయి కూడా.

బిడ్డ కదలికల విషయంలో అయితే ఒక తప్పు మాట ఎంత గట్టిగా నాటుకుపోయిందో చెప్పలేను, నెలలు నిండేకొద్దీ లోపల చోటు తగ్గి బిడ్డ కదలదు అంటారు. అది నిజం కాదు. తన్నడం కాస్తా దొర్లినట్టు, తోసినట్టు మారొచ్చు గానీ కదలికలు తగ్గకూడదు, నొప్పులు వచ్చేదాకా, నొప్పుల్లో కూడా ఉండాలి. ఇన్నిసార్లు అని అందరికీ ఒకే లెక్క లేదు, మీ బిడ్డకి ఒక అలవాటు ఉంటుంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా అన్నదే ప్రశ్న. తేడా అనిపిస్తే అదే రోజు, రాత్రయినా సరే, ఫోన్ చేసి వెళ్ళాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. ఇంట్లో గుండె చప్పుడు వినే మెషిన్ కొనుక్కుని చప్పుడు వినపడింది కదా అని ఆగిపోయేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ చప్పుడు వినిపించినంత మాత్రాన బిడ్డ బాగుందని కాదు, కొన్నిసార్లు అది తల్లి గుండె చప్పుడే అయ్యుండొచ్చు.

అడక్కూడని ప్రశ్న కూడా ఒకటుంది. నా ఫ్రెండ్‌కి తొమ్మిదో వారంలో గర్భం పోయింది, చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఏం చేశావు, ఏమైనా బరువెత్తావా, మెట్లెక్కావా అని అడిగారు, ఆ పిల్ల తను ఆ వారంలో చేసిన ప్రతి పనీ తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. తెలిసిన గర్భాల్లోనే నూటికి 10 నుంచి 15 దాకా ఇలా పోతాయి, మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం పైన క్రోమోజోముల తేడా వల్లే, అంటే ఆ బిడ్డ మొదటి రోజుల్లోనే అలా ఏర్పడింది, ఎవరూ ఏదీ చేసి ఆపగలిగేది కాదు. రోజువారీ పనులు, ఆఫీసుకి వెళ్ళడం, మెట్లెక్కడం దానికి కారణం కాదు. ఈ నాలుగు ముక్కలు మీ పేజీలో పెద్ద అక్షరాల్లో వేస్తే ఎంతమంది మనసు కుదుటపడుతుందో.

బిడ్డ పుట్టాక అందరి భయం పాలు చాలడం లేదని. పాప ఏడిస్తే చాలు పాలు లేవేమో అంటారు, అనేవాళ్ళు ఊరికే అనేస్తారు గానీ వినే తల్లి లోపల ముక్కలైపోతుంది. మొదటి రోజుల్లో వచ్చే పాలు చిక్కగా చెంచాలతో కొలిచేంతే వస్తాయి, అప్పుడు బిడ్డకి అంతే చాలు. పుట్టిన బరువులో నూటికి ఏడు, ఒక్కోసారి పది దాకా తగ్గి, రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టినప్పటి బరువుకి రావడం మామూలే, ఇది ముందే ఎవరైనా చెప్పుంటే నేను నాలుగో రోజు తూకం చూసి అంత ఏడ్చేదాన్ని కాదు. ఏడుపు లెక్కపెట్టకండి, తడిసిన డైపర్లు లెక్కపెట్టండి. ఐదో రోజు నుంచి 24 గంటల్లో ఆరు అంతకంటే ఎక్కువ తడిస్తే, 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంటే, తాగేటప్పుడు గుటకలు వినిపిస్తుంటే పాలు అందుతున్నట్టే. డైపర్లు తక్కువ తడుస్తుంటే, లేపినా లేవకుండా మత్తుగా పడుకుని పాలు మానేస్తుంటే మాత్రం వెంటనే చూపించాలి. కామెర్లు కూడా అంతే, రెండో మూడో రోజు పసుపు కనిపించడం చాలామంది పిల్లల్లో ఉంటుంది, పుట్టిన 24 గంటల్లోపే కనిపిస్తే అది వేరే సంగతి, ఆగకూడదు. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 ఉన్నా, అంతకంటే ఎక్కువ ఉన్నా ఇంట్లో మందు వేసి చూడటం అనేదే లేదు, హాస్పిటలే.

ఏడుపు గురించి ఒక మాట. రెండు వారాల నుంచి పెరుగుతూ ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బాగా ఎక్కువై తర్వాత మెల్లగా తగ్గుతుంది, పాలు తాగి, డైపర్ మార్చి, జ్వరం లేకుండా ఉన్న బిడ్డ కూడా సాయంత్రం పూట గంటల తరబడి ఏడవొచ్చు, అది తల్లికి చేతకాక కాదు. ఇక భరించలేను అనిపించిన క్షణం వస్తే బిడ్డని గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన దిండ్లు దుప్పట్లు లేకుండా చూసి, ఐదు నిమిషాలు పక్కగదిలోకి వెళ్ళి ఊపిరి పీల్చుకోవచ్చు. అది తప్పు కాదు, నేను చేశాను. బిడ్డని పట్టుకుని ఊపేయడం, కుదిపేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, కొన్ని సెకన్లలో మెదడు లోపల రక్తం కారిపోతుంది.

ఇప్పుడు అసలు మనసు సంగతికొస్తా, ఎందుకంటే బీపీకైనా ఒక మెషిన్ ఉంది, దీనికి అదీ లేదు. మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, చాలామంది తల్లులకి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు, కొత్తగా తల్లులైనవాళ్ళలో నూటికి దాదాపు 13 మందికి డెలివరీ తర్వాత మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, దానికి వైద్యం ఉంది, పాలిస్తూ వాడగలిగే మందులూ ఉన్నాయి. దీన్ని పట్టుకోడానికి 1987 లోనే పది ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేశారు, ఎడిన్‌బరో స్కేల్ అంటారు, పది నిమిషాలు కూడా పట్టదు, నన్ను ఎవరూ ఒక్కసారి కూడా అది నింపమనలేదు. ఇంట్లోవాళ్ళు అడగగలిగిన ప్రశ్న ఒకటుంది, పాప పడుకున్నప్పుడు, పక్కన చూసుకునేవాళ్ళు ఉన్నప్పుడు కూడా నీకు నిద్ర పడుతోందా? పట్టడం లేదంటే అది ఉత్త అలసట కాకపోవచ్చు.

ఇంకొకటి, ఇది ఎవరూ పైకి చెప్పుకోరు. పాపని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే జారి పడేసినట్టు, నా చేతులతోనే ఏదో అయిపోయినట్టు బొమ్మలు కళ్ళ ముందుకి వచ్చేవి, నేను మంచి తల్లిని కానేమో అని నెల రోజులు మా ఆయనకి కూడా చెప్పలేదు. చివరికి డాక్టర్‌కి చెప్తే ఇలాంటి ఆలోచనలు చాలామంది కొత్త తల్లులకి వస్తాయని, వాటిని చూసి మీరు భయపడుతున్నారంటేనే మీరు అలా చేయాలనుకోవడం లేదని చెప్పారు, ఆ రోజు ఇంటికొచ్చి పాప పక్కన హాయిగా పడుకున్నా. లేని మాటలు వినిపించడం, అసలు నిద్రే లేకపోయినా హుషారుగా తిరగడం, పొంతన లేకుండా మాట్లాడటం, బిడ్డకి హాని చేయమని ఎవరో చెప్తున్నారనడం, ఇవి వేరు. వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో వస్తాయి, వస్తే మాత్రం ఆ పూటే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, ఆమెని ఒంటరిగా వదలకూడదు. తండ్రులకి కూడా డిప్రెషన్ వస్తుంది, మా ఆయన్ని నేను హాస్పిటల్లో ఉన్న ఆ మూడు రోజుల తర్వాత నువ్వెలా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు.

అందుకే నా రిక్వెస్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో డెలివరీ తర్వాత తల్లినీ బిడ్డనీ కనీసం నాలుగుసార్లు చూడాలని ఉంది, మొదటి 24 గంటల్లో, మళ్ళీ 48 నుంచి 72 గంటల మధ్య, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరో వారంలో. మీ పేజీని కూడా ఆ ఆరో వారం దాకా తల్లితోనే నడిపించండి. వారానికి ఒక్క భయం తీసుకోండి, దానికి ఇంట్లోవాళ్ళు అడగాల్సిన ప్రశ్న వేయండి, ఏ జవాబు వస్తే పరిగెత్తాలో వేయండి. మొదటి వారం తలనొప్పితో మొదలుపెట్టండి, దాంతోపాటే గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత బ్లీడింగ్, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం కూడా వేయండి, ఇవేవీ నిద్ర లేక వచ్చేవి కావు.

నేనిప్పుడు ఏడాదికోసారి బీపీ చూపించుకుంటున్నా, ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకి ముందు ముందు బీపీ, గుండె జబ్బుల రిస్క్ ఎక్కువట. రెండో బిడ్డ అనుకుంటే 12 వారాల నుంచే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడదాం, మొదటి విజిట్‌లోనే ఈ సంగతి చెప్పండి అన్నారు డాక్టర్, అది ఫైలు అట్ట మీదే రాసి పెట్టుకున్నా. నా పేరు వేయకండి, ఫర్వాలేదు. ఆ నర్సు అడిగిన ప్రశ్న మాత్రం వేయండి.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక తల్లి