తొక్క తురుముకు బదులు రసం: మీ కిట్టుపై అచ్చయిన తెలుగు సూచనల గురించి ఫిర్యాదు

సీతమ్మధార,
విశాఖపట్నం.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం.

విషయం: నిమ్మ, నారింజ రుచి మార్ష్‌మాలో సీరియల్ బార్ల కిట్టు పెట్టెపై తెలుగులో తప్పుగా అచ్చయిన తయారీ విధానం.

గత నెల రెండో ఆదివారం మా మనవరాలి కుడిచేతి వేళ్లు రెండు కాలి బొబ్బలెక్కాయి. మీ పెట్టె మీద తెలుగులో ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించినందుకే కాలాయి. మీ సిబ్బందికి రెండుసార్లు ఫోను చేసి చెప్పాను. నేను చెప్పినదొకటి, వారు రాసుకున్నదొకటి అని తర్వాత వచ్చిన సమాధానం చూశాక తెలిసింది. అందుకే అంతా వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

కిట్టును ఎంవీపీ కాలనీలోని ఒక సూపర్ మార్కెట్‌లో 349 రూపాయలకు కొన్నాను. అందులో తెల్ల మార్ష్‌మాలోల (స్పాంజిలా మెత్తగా ఉండే పంచదార మిఠాయి) పొట్లం ఒకటి, వరి పేలాల సీరియల్ పొట్లం ఒకటి ఉన్నాయి. వెన్న, నిమ్మకాయలు, నారింజ మనం తెచ్చుకోవాలి. పెట్టె ముందువైపు ‘ఓవెన్ అవసరం లేదు, పిల్లలూ చేయవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో రాశారు. మా పాపకు తొమ్మిదేళ్లు. ఆ వాక్యం చూసే ‘అమ్మమ్మా, ఇది నేనే చేస్తాను’ అని పట్టుబట్టింది. బడిలో తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. ఆ రోజు పెట్టె వెనక ఉన్న సూచనలన్నీ తనే పైకి చదివింది, నేను పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కటే చేశాను. తాను చదివితే పని జరుగుతోందని దాని ముఖంలో ఎంత వెలుగో! అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

‘వెన్న కరిగించి మార్ష్‌మాలోలు వేయండి’ అని చదివింది, వేశాను. సన్నని సెగ మీద తెల్లగా, సాగుతూ ముద్దయ్యాయి. ‘రెండు నిమ్మకాయల రసం పోసి మరో ఐదు నిమిషాలు ఉడికించండి’ అంది. పోశాను. అంతదాకా గరిటెను వదలని ముద్ద క్షణంలో సడలిపోయి, అంచుల్లో చిన్న చిన్న బుడగలతో కుతకుతలాడింది. సీరియల్ వేయగానే చిటపటమని సన్నటి చప్పుడు వచ్చి ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగిందంటే పేలాలు తడిని పీల్చేసుకున్నాయన్నమాట. తర్వాతి వాక్యం ‘వెంటనే పళ్లెంలోకి తీసి చేత్తో అదమండి’. నేను పళ్లేనికి వెన్న రాసి మిశ్రమం అందులో వేసి, గిన్నె పక్కన పెట్టడానికి తిరిగాను. పాప చేయి పెట్టేసింది. తాను చదివినదే చేసింది, దాని తప్పేమీ లేదు.

వేడినీళ్లు మీద పడితే జారిపోతాయి. పాకం అలా కాదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. కుళాయి కింద ఇరవై నిమిషాలు వేళ్లు పట్టి ఉంచాను. తర్వాత మా వీధి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. బొబ్బలు మానడానికి పది రోజులు పట్టింది. పళ్లెంలో ఉన్నది మర్నాటి దాకా ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడలేదు. చాకుతో కోస్తే గాటు మళ్లీ మూసుకుపోయింది. చివరికి చెంచాతో తీసి పారేశాను.

ఇక మీరిచ్చిన సమాధానం. ‘విశాఖపట్నంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బార్లు గట్టిపడలేదు, క్షమించండి, తదుపరి కొనుగోలుపై 100 రూపాయల తగ్గింపు ఇస్తున్నాం’ అని సందేశం పంపారు. కాలిన వేళ్ల మాట అందులో లేనే లేదు.

మాది సముద్రం పక్కన ఊరు. ఇక్కడ ఉప్పు డబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి ముద్దకడుతుంది. ఆ సంగతి ఇక్కడ వంటచేసే వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఈ ఊళ్లోనే మా అమ్మ బెల్లం పాకం పట్టి మరమరాల ఉండలు చుట్టింది, వేరుశనగ అచ్చులు కోసింది. పాకం కుదిరితే తేమలోనూ ఉండ నిలుస్తుంది, పాకంలో నీళ్లు మిగిలితే ఎంత పొడి ఊళ్లోనైనా జారుతుంది. మీ బార్లలోనూ మూలసూత్రం అదే. బెల్లం పాకం చోట కరిగిన మార్ష్‌మాలో, మరమరాల చోట సీరియల్.

అయినా నా మాట మీద నమ్మమనను. 31 ఏళ్లు జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమం పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పాను, చేసి చూడకుండా మాట్లాడడం నాకు అలవాటు లేదు. అదే దుకాణంలో మరో రెండు కిట్లు కొన్నాను. ఒకే రోజు, ఒకే వంటింట్లో, కిటికీలు తెరిచే ఉంచి రెండు వాయిలు చేశాను. మొదటి వాయిలో మీ తెలుగు సూచన ప్రకారం రసం పోసి ఉడికించాను. మళ్లీ అదే జారుడు. రెండో వాయిలో రసం చుక్క కూడా వేయలేదు. రెండు నిమ్మకాయలు, ఒక నారింజ గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి తుడిచి, పైపొరను మాత్రమే సన్నటి తురుముపీటతో తురిమాను. కింది తెల్లపొర తగిలితే చేదు వస్తుంది. ఆ తురుమును ఒక చెంచా పంచదారతో వేళ్లతో నలిపాను. తొక్కలోని నూనె పంచదారకు పట్టి, వంటిల్లంతా నిమ్మతోటలా గుమ్మంది. మార్ష్‌మాలోలు కరగగానే పొయ్యి ఆర్పి, తురుము కలిపి, సీరియల్ వేసి, కాసేపు ఆరనిచ్చి, వెన్న రాసిన బటర్ పేపర్ పరిచి స్టీలు గిన్నె అడుగుతో అదిమాను. గంటకు చక్కగా గట్టిపడింది. పదహారు ముక్కలు కోస్తే అంచు చెదరలేదు. (ఆ తర్వాత పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన దబ్బకాయ తొక్కతోనూ, వేరే సామాను కొని, ఒకసారి చేశాను. వాసనలో నిమ్మ, నారింజ రెండూ దాని తర్వాతే. మీ వంటశాల వారు ఒకసారి ప్రయత్నించాలి.)

తేమ ప్రభావం అసలే లేదని నేను అనడం లేదు. పళ్లెంలో మూతలేకుండా వదిలిన ముక్కలు సాయంత్రానికి చేతికి అంటుకున్నాయి. గాలి చొరని డబ్బాలో పెట్టినవి రెండు రోజులు కరకరలాడాయి. అంటే మీరు రాయవలసిన మాట ‘మూత బిగించిన డబ్బాలో దాచండి’ అని. అదీ పెట్టె మీద లేదు.

అసలు సంగతి బయటపెట్టింది మా అమ్మాయి. పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు సూచనలు చదివి, ‘అమ్మా, ఇక్కడ రసం అని లేదు’ అంది. ఇంగ్లీషులో రెండు నిమ్మకాయల ‘జెస్ట్’ అని ఉంది, అంటే తొక్క తురుము. తెలుగులో ఆ ‘రెండు’ అలాగే ఉండి, తురుము కాస్తా రసమైంది. ఇంగ్లీషులో పొయ్యి మీంచి దించి కలపమన్నారు, తెలుగులో ఐదు నిమిషాలు ఉడికించమన్నారు. ఇంగ్లీషులో ‘పది నిమిషాలు ఆరనిచ్చి, వెన్న రాసుకున్న చేతులతో అదమండి’ అని ఉన్న వాక్యానికి తెలుగులో మిగిలింది ‘వెంటనే చేత్తో అదమండి’. పెట్టె ఒకటే, ధర ఒకటే. ఇంగ్లీషు చదివిన ఇంట్లో బార్లు కుదురుతాయి, తెలుగు చదివిన ఇంట్లో పిల్ల చేయి కాలుతుంది. నా బాధ ఇదే.

ఈ తేడా ఎంత పెద్దదో చెబుతాను. ఈ రకం వంటకం 1939లో అమెరికాలో కెలాగ్స్ సంస్థ వంటశాలలో మిల్డ్రెడ్ డే, మలీటా జెన్సెన్ అనే ఇద్దరు మహిళలు రూపొందించినది. వెన్న, మార్ష్‌మాలో, వరి పేలాలు, ఈ మూడే ప్రధానం. విడిగా నీళ్లు పోసే పని లేదు. మీ మార్ష్‌మాలోల పొట్లం మీద శాకాహార గుర్తు, అదే ఆకుపచ్చ చుక్క, ఉంది. మార్ష్‌మాలోను బిగించడానికి, జంతువుల నుంచి తీసే జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే క్యారగీనన్ వాడినట్లు రాశారు. పులుపులో ఉడికిస్తే క్యారగీనన్ పట్టు సడలిపోతుంది, జెలటిన్ అయినా అంతే. అంటే మీ తెలుగు సూచన రెండు విధాల చెడగొట్టింది. నీరు చేర్చింది, బిగించే పదార్థాన్ని విరిచింది. ప్రయోగశాలలో నేను మొదటి రోజే చెప్పే మాట, నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయకూడదు. రెండు మాటలు తారుమారైతే ముఖం కాలుతుంది. అందుకే మా సూచనల కాగితాన్ని ముగ్గురం చదివాకే పిల్లల చేతికి ఇచ్చేవాళ్లం. మీ పెట్టె మీది తెలుగును తెలుగు తెలిసినవారు ఒక్కరైనా పొయ్యి దగ్గర నిలబడి చదివారా? ఫోనులో ఇదే అడిగితే ‘ఆ సమాచారం మా వద్ద లేదు మేడమ్’ అన్నారు.

మీ తగ్గింపు కూపను నాకు వద్దు. దుకాణాల్లో ఇప్పుడున్న ప్రతి పెట్టెపైనా సరిచేసిన తెలుగు సూచనల స్టిక్కరు అతికించండి. అది పూర్తయ్యేదాకా అమ్మకం ఆపండి. ‘పిల్లలూ చేయవచ్చు’ అన్న వాక్యం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ‘పెద్దలు దగ్గరుండాలి, మిశ్రమం వేడిగా ఉంటుంది’ అని తెలుగులో వేయండి. మూడు కిట్ల ధర 1,047 రూపాయలు, డాక్టరు ఫీజు, మందుల ఖర్చు తిరిగి ఇవ్వండి. రశీదులు, బ్యాచ్ నంబరు కనిపించే ఫొటోలు, రెండు వాయిల ఫొటోలు, తెలుగు, ఇంగ్లీషు సూచనలను పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో జతచేశాను.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం, హాని కలగకుండా వస్తువును ఎలా వాడాలో తగిన సూచనలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యత వహించాలి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మీ కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా, నేనుండే ఊళ్లోనే ఫిర్యాదు చేసే హక్కు ఆ చట్టమే నాకిచ్చింది.

జవాబు తెలుగులో రాయండి. వేళ్లు మానాక పాప మళ్లీ ఆ పెట్టె తీసి, ‘ఇందులో తప్పు ఎక్కడుంది అమ్మమ్మా’ అని అడిగింది. ‘రసం’ అన్న మాట కింద పెన్సిలుతో గీత గీసి చూపించాను. మీ ఉత్తరం వస్తే దానిచేతే చదివిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకురాలు