ఒరేయ్ శీనూ, చెవి కూడా చప్పుడు చేస్తుందిరా!

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్లు పర్వాలేదు. బోరు మళ్లీ ఎండింది. చెల్లికి పాప పుట్టింది. అసలు కథ అక్కడే ఉంది.

ఆసుపత్రిలో పాపకి వినికిడి పరీక్ష అన్నారు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల వినపడిందని ఎలా చెబుతుందిరా? ఒకమ్మాయి వచ్చి, నిద్రపోతున్న పాప చెవిలో చిన్న గొట్టం పెట్టి, టిక్కు టిక్కుమని చప్పుడు పంపింది. "లోపల్నించి తిరిగొచ్చే శబ్దం కోసం చూస్తున్నానండీ" అంది. చెవిలోంచి శబ్దమా! మన లెక్కల మాస్టారు వింటే మళ్లీ గోడకుర్చీ వేయించేవారు, అదీ నీ పక్కనే.

ఇక ఆ రాత్రి నాకు నిద్రెక్కడిది? చదివినకొద్దీ పిచ్చెక్కింది. లోపలి చెవిలో మూడు వరసల్లో బయటి రోమకణాలు, ఒక్కో చెవికి సుమారు 12,000. వాటి గోడల నిండా ప్రెస్టిన్ అనే ప్రోటీన్. శబ్దానికి రోమాలు వంగితే కణంలో వోల్టేజి మారుతుంది, దాంతో కణం పొట్టిదవుతుంది, మళ్లీ సాగుతుంది. సెకనుకి వేలసార్లు! కండరంలా ఏటీపీ అనే కణాల ఇంధనం ఖర్చుపెట్టి కాదురా, వోల్టేజే నేరుగా కదిలిస్తుంది. ఉయ్యాలని సరైన క్షణంలో తోసినట్టు ఆ కుదుపు సన్నని ధ్వనిని పెంచుతుంది. ఆ అలజడిలో కొంత వెనక్కి, బయటికి వచ్చేస్తుంది. ఆ అమ్మాయి వెతికింది దాన్నే.

1948లోనే థామస్ గోల్డ్ అనే శాస్త్రవేత్త చెవిలో ఇలాంటిదేదో ఉండాలన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. చెవి మీద పరిశోధనకే 1961లో నోబెల్ అందుకున్న బెకెషీ ఎక్కువగా చూసింది శవాల చెవుల్లో. చచ్చిన కణం ఎగురుతుందా, నువ్వే చెప్పు! 1978లో డేవిడ్ కెంప్ చెవిలో మైకు పెట్టి ఆ శబ్దాన్ని పట్టేశాడు. ప్రెస్టిన్ మాత్రం 2000లో గానీ దొరకలేదు, అమెరికాలో పీటర్ డాలస్ అనే శాస్త్రవేత్త బృందానికి. అది లేని ఎలుకలకి 40 నుంచి 60 డెసిబెల్స్ వినికిడి పోయింది.

ఈ కణాలు ఒకసారి పోతే మనకి మళ్లీ పుట్టవట. జాతరలో స్పీకర్ పక్కన నిద్రపోయిన ఘనుడా, వింటున్నావా? నాన్న కూడా చివర్లో, "వినపడుతోందిరా, తెలియడం లేదు" అనేవాడు... సరే, అది ఇంకోసారి.

పాప రెండు చెవులూ పాస్! ఆస్పిరిన్ ఎక్కువైతే ఈ ప్రెస్టిన్ ఏమవుతుందో కూడా రాయాలి, అసలు తమాషా... అబ్బా, చెల్లి అరుస్తోంది, మందుల షాపు మూసేస్తారట. వస్తా.

నీ
గోడకుర్చీ గాడు